అవతలి చానెల్ మనిషి

"మళ్ళీ వెనకబడ్డాం."

న్యూస్ ఎడిటర్ రిమోట్‌ని విసురుగా బల్ల మీద పడేసింది.

ఎదురుగా గోడకున్న రెండు టీవీల్లో ఒకటి పోటీ చానెల్‌ది. పరంజా విరిగిపడి ఒక మేస్త్రి చనిపోయాడన్న వార్తను పేరుతో సహా తిప్పి తిప్పి చూపిస్తోంది. రెండోది తమ చానెల్. అందులో ఇంకా కూరగాయల ధరలే నడుస్తున్నాయి.

మొన్నటిదాకా ఊళ్ళో ఇంకో చిన్న చానెల్ ఉండేది. దాన్ని వీళ్ళ యజమాని కొనేశాడు. అక్కడి కెమెరాలు, కుర్చీలు, మనుషులు కట్టగట్టుకుని ఈ మేడ మీదికి వచ్చిపడ్డారు. అలా వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన, ఆస్పత్రి వార్తలు చూసే రిపోర్టర్.

పాతచోట ఆయన్ని ఏమని పిలిచేవారో గానీ, ఇక్కడ వచ్చిన వారానికే 'నత్త' అని పేరు పెట్టేశారు.

నత్త లోపలికి వచ్చాడు.

"ఆస్పత్రి దగ్గర అందరికంటే ముందున్నది మీరేనటగా?"

"అవునమ్మా."

"పేరు కూడా మీకే ముందు తెలిసిందట."

"తెలిసింది."

"మరి మాకెప్పుడు చెబుదామనుకున్నారు? ముహూర్తం చూసుకునా?"

డెస్కులో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మధ్యలో చిన్న పని పడిందమ్మా."

ఎప్పుడడిగినా ఆయన దగ్గర ఆ ఒక్క ముక్కే. ఆ పనేమిటో చెప్పి చావడు. టీ కొట్టు దగ్గర కబుర్లేసుకుంటాడని కొందరన్నారు. అవతలి చానెల్‌కి వార్త అమ్ముకుంటున్నాడని ఇంకొందరన్నారు. ఎడిటర్ రెండోదే నమ్మింది.

పాపం, ఆమె బాధ ఆమెది. చానెళ్ళు కలిశాక ఒక్కో పనికి ఇద్దరేసి మనుషులయ్యారు. ఇంకోసారి వెనకబడితే మొదట లేచేది ఎడిటర్ కుర్చీయేనని యజమాని నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు తల్చుకుంటే ఆమెకి నిద్ర పట్టడం లేదు.

"రేపట్నించి మీరు రానక్కర్లేదు," అంది.

ఆయన మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టి, "వస్తానమ్మా," అని వెళ్ళిపోయాడు.

నిజం చెప్పొద్దూ, ఆ తర్వాత చానెల్ దశ తిరిగింది. కొత్త రిపోర్టర్ ఆస్పత్రి గేటు దగ్గరే కాపురం పెట్టేశాడు. ఎవరు పోయినా పేరు ముందు ఇక్కడే. యజమాని అందరికీ స్వీట్లు పంచిపెట్టాడు.

ఒక ఉదయం ఎడిటర్ యజమాని గదిలో ఉండగా డెస్కు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, బైపాస్ మీద లారీ బైకుని గుద్దేసింది. బైకు మీదున్నాయన పోయాడు. పేరు, అడ్రసు దొరికాయి. పేరేమో..."

"అవతలి చానెల్లో వేశారా?"

"ఇంకా లేదు మేడమ్."

"మరి నాకు కథ చెబుతూ కూర్చున్నావేం? వేసెయ్."

యజమాని మెచ్చుకోలుగా తలూపాడు.

ఆమె డెస్కు దగ్గరికి వచ్చేసరికి పేరు తెర కింద ఎర్ర పట్టీలో పరిగెడుతోంది.

అది ఆమె అన్నయ్య పేరు.

ఇంటికి ఎలా వచ్చి పడిందో ఆమెకే తెలియదు.

ఇంట్లో తల్లి ఒక్కతే ఉంది. కూతురు పనిచేసే చానెల్ తప్ప ఆవిడ ఇంకోటి చూడదు. వంటింటి గుమ్మంలో కూలబడిపోయి ఉంది. చేతిలో గరిటె అలాగే ఉంది. పొయ్యి మీద కూర మాడి ఇల్లంతా పొగ కమ్మింది.

ఎడిటర్ పొయ్యి ఆపింది. తర్వాత టీవీ ఆపింది.

"అదేంటే, వాడి పేరు వేశారు?" అంది తల్లి. "నీకు తెలిసే వేశారా?"

"తెలీదమ్మా."

"నువ్వక్కడే ఉన్నావుగా?"

"ఉన్నాను. ఎవరి పేరని అడగలేదు."

తల్లి ఆమె ముఖంలోకి చూసింది. తిట్టినా బాగుండేది. కనీసం ఏడ్చినా బాగుండేది.

"ఒక్కదాన్నే ఉన్నానే. అది మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. కట్టేద్దామంటే కాళ్ళు రాలేదు."

ఎడిటర్‌కి దుఃఖం పొంగుకొచ్చింది. కన్నతల్లికి కడుపుకోత కబురు తనే అలా పంపింది. వంటింటి గోడ వైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుంది.

అంతలో వీధి తలుపు చప్పుడైంది.

పక్కింటావిణ్ణి వెంటబెట్టుకుని నత్త లోపలికి వచ్చాడు. చేతిలో మైకు లేదు, వెనక కెమెరా లేదు. గోడవారగా ఉన్న ఎడిటర్‌ని ఆయన చూడలేదు. చెప్పులు బయటే విడిచి, వచ్చి తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, మీ అబ్బాయి గురించి ఒక మాట చెప్పాలి. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి. ఈవిడ మీ పక్కనే ఉంటారు. టీవీ మాత్రం పెట్టకండి."

పక్కింటావిడ నీళ్ళు అందించింది. తల్లి తాగింది. తనకి అప్పటికే తెలుసని ఆయనకి చెప్పలేదు.

ఆయన మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పాడు. బాబు ఎక్కువసేపు బాధపడలేదని డాక్టర్ అన్నారని కూడా చెప్పాడు. అంతా అప్పుడే వింటున్నట్టు తల్లి చివరిదాకా వింది. విన్నాక బావురుమంది. పక్కింటావిడ భుజం మీద తల పెట్టి ఎంతసేపు ఏడ్చిందో.

కాస్త తేరుకున్నాక అడిగింది.

"మీరెవరండీ?"

"టీవీలో ఆస్పత్రి వార్తలు చూసేవాణ్ణమ్మా. ఎవరు పోయినా ముందు వాళ్ళింటికి వెళ్ళి చెప్పి, ఆ తర్వాతే ఆఫీసుకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు గానీ, ఇలా రావడం మాత్రం మానలేకపోయాను."