రెండు గుంతలు

“దిగకు నాయినా! అన్ని బోల్టులు బిగించేదాక కూసోవాలె.”

వనపర్తి షెడ్డులో, కారు కింది గుంతలోంచి అరిచాడు సుమన్. పైన పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. స్టీరింగు ముందు వాళ్ల నాయన గోపాలయ్య.

“నిన్ను మగ్గం మీదికి తోల్కపోదామని గద్వాల నుంచి వస్తే, నన్నే దీంట్ల ఇరికిస్తివి గదరా.”

“చక్రాల కాడ అరిగిన రబ్బరు బుష్షులు మార్చిన. మనిషి బరువు లేకుంట బిగిస్తే, కొత్త రబ్బరు మెలిపడి చినుగుతది.”

“నా పని గూడ గంతే. అంచు దారం కలపనీకి అవతల ఇంకో మనిషి ఉండాలె. ఒక్కన్నే ఎట్ల నేస్త?”

“నాలుగేండ్లు ఆ మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసున్న. ఇగ నాతోని కాదు.”

“మరి ఇప్పుడున్నదేంది? గుంత కాదా?”

సుమన్ స్పానర్ తిప్పాడు. అంతలో కారు ఊగి స్పానర్ జారింది. తలెత్తి చూశాడు. క్లచ్ తీగ బిగుసుకుంది, వదులైంది. తర్వాత బ్రేకు కడ్డీ కదిలింది. మళ్లీ క్లచ్. మళ్లీ బ్రేకు.

“కాళ్లు కదపకు నాయినా.”

“నేనేడ కదుపుతున్నరా?”

“పెడల్లు తొక్కుతున్నవ్. మగ్గం తొక్కినట్టు.”

పైన పెడల్ల చప్పుడు ఆగింది, సీటు కిర్రుమంది. గోపాలయ్య వంగి తన కాళ్లనే చూసుకుంటున్నాడేమో.

“ఇంకో మనిషిని ఎతుక్కుంట తియ్,” అన్నాడు చివరికి. “మగ్గం నా కాళ్లల్ల ఉన్నది, నీ కాళ్లల్ల లేదు. నువ్వు రాకు.”

సుమన్ ఆఖరి బోల్టుకు స్పానర్ పెట్టాడు. తల మీద క్లచ్ తీగ మళ్లీ కదిలింది.