ఒంటిగంటకు లేపండి

రహదారి పక్కన లారీలూ కార్లూ ఆగే విశ్రాంతి స్థలాల్లో ఏది ఉంచాలో, ఏది మూయాలో తేల్చే ఆఫీసు మాది. యాభై కిలోమీటర్లకు ఒకటి చాలన్నది నిబంధన. ఆ లెక్కన ఈ విశ్రాంతి స్థలం ఎక్కువైంది. దీన్ని మూసేయమని పోయిన నెలే సంతకం పెట్టాను.

అయినా ఆ రాత్రి రెండున్నరకు, స్టీరింగ్ ముందు రెప్పలు వాలిపోతుంటే, ఇక్కడి దీపం కనిపించి ప్రాణం లేచొచ్చింది. కారు ఆపి, ముసలి వాచ్‌మన్ కూర్చున్న గదిలోకి వెళ్ళాను.

గోడకు నల్లపలక ఉంది. కునుకు తీసే డ్రైవర్లు బండి నంబరు, లేవాల్సిన టైము దాని మీద రాసిపోతారు. వాచ్‌మన్ వెళ్ళి బండి అద్దం మీద కొట్టి లేపుతాడు. లేచినవాడు వచ్చి తన రాత తానే తుడిచేస్తాడు.

పలక మీద ఒక్క నంబరే మిగిలి ఉంది. అది నా కారుది. రాత కూడా నాదే. టైము ఒంటిగంట.

"ఇదెవరు రాశారు పెద్దాయనా? నేను వచ్చిందే ఇప్పుడు."

"మీరే రాశారు సార్. ఒంటిగంట నుంచీ కొడుతూనే ఉన్నా. చేతులు పడిపోయాయి గానీ మీరు లేవలేదు."

చెయ్యెత్తి తుడవబోయాను. ముసలాయన మెల్లగా ఆపాడు.

"లేవకుండా తుడిస్తే ఎలాగండీ? ఉండండి, ఇంకోసారి లేపి చూస్తాను."

టార్చి పట్టుకుని బయటికి వెళ్ళాడు. కంకర మీద అడుగుల చప్పుడు దూరమై, నా కారు దగ్గర ఆగింది.

టక్, టక్.

చప్పుడు నా చెవి పక్కనే, అద్దం మీద వినిపించింది. కాళ్ళ కింద నేల, నడుస్తున్న బండిలా అదురుతోంది. రెప్పలు మాత్రం తెరుచుకోవడం లేదు.