వెనక్కి తిప్పిన గడియారం

"ఆఫీసు కంప్యూటర్ల టైము కోసం రేపు ఈ రెండు జీపీఎస్ యంత్రాల్లో ఒకటి కొనాలి. ఇది హార్బర్లో పడవలవాళ్ళు దారికి వాడేది. అదేమో టైముకే పుట్టింది. సూర్యుడైనా ఆలస్యంగా వస్తాడేమోగానీ, అది సెకను తప్పదు!" కేటలాగులో బొమ్మలు చూపిస్తూ మణిశంకర్ మురిసిపోయాడు.

చంటిదాన్ని భుజాన వేసుకున్న అతని భార్య శ్రీసుధ ఊఁకొట్టింది.

అతని చూపు గోడ గడియారం మీద పడింది. "ఇదేంటి, గంట వెనకుంది! బ్యాటరీ అయిపోయిందా?"

"లేదండి. నేనే వెనక్కి తిప్పాను."

"ఎందుకూ?"

"రోజూ పొద్దుపోయాక వస్తారు కదా. చంటిదాంతో ఒక్కదాన్నీ గడియారం చూస్తుంటే గుండె దడండి. ఇలాగైతే మీ ఆలస్యం గంట తక్కువ కనిపిస్తుందని."

ముల్లు సరిచేయబోయిన అతని చెయ్యి ఆగిపోయింది.

"రెండిట్లో ఏది కొనమంటావు, సుధా?" అన్నాడు మెల్లగా.

"ఏది కొంటే మీరు పెందలాడే ఇంటికొస్తారో, అది కొనండి."