మంచి బూజు

కమలమ్మ చేను నుంచి వచ్చేసరికి అల్లం కొట్టం ముందు ఎవరో ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

చేతిలో ఆమె అల్లం కొమ్ము. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు.

“ఎవరు నువ్వు? ఎవర్నడిగి లోపల చెయ్యి పెట్టినవ్?”

ఆయన గబుక్కున లేచాడు.

“కోపం చేయకమ్మా. ఝరాసంగం గుడికి పోతున్న. ఆటోల ఉండంగనే వాసనొచ్చింది, దిగిన. నీ అల్లం కుళ్ళుతుంది.”

కమలమ్మ కొట్టంలోకి తొంగి చూసింది.

పోయినేడూ ఇంతే. విత్తనానికని దాచిన అల్లం నాటే వేళకు నీరుగారిపోయింది. భర్త పోయి మూడేళ్ళు. ఈసారీ విత్తనం దక్కకపోతే చేను మరిది జగ్గయ్యకు కౌలుకిచ్చి ఇంట్లో కూర్చోవడమే.

“నీకెట్ల ఎరుక?”

“జహీరాబాద్ల అల్లం పరిశోధన ఆఫీసుల ముప్పై ఏండ్లు పనిచేసిన. నా పేరు బస్వరాజ్.”

ఆమె గొంతు మారింది.

“అట్లనా సారూ? కూసోండి.”

ఆయన సంచిలోంచి ఒక సీసా తీశాడు. అందులో ఉడికించిన జొన్నలు. జొన్నల నిండా ఆకుపచ్చటి బూజు.

“గిదేంది సారూ! ఉన్న బూజు సాలదని ఇంకింత తెచ్చిన్రా?”

“ఇది మంచి బూజమ్మా. కుళ్ళబెట్టే బూజును తిని బతుకుతది. అల్లాన్ని ముట్టదు.”

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. అయినా నాలుగు గంపల అల్లం ఇచ్చింది.

ఆయన మెత్తబడ్డ కొమ్ములు ఏరి పారేశాడు. బూజు కలిపిన నీళ్ళలో మంచివాటిని నానబెట్టి, నీడలో ఆరబెట్టి, కొట్టంలో ఒక మూల ఇసుక మీద వేరే కుప్ప పోశాడు.

అప్పటినుంచి ప్రతి బుధవారం వచ్చేవాడు. షేర్ ఆటో దిగి తిన్నగా ఆ మూలకు పోయి, ఒక్కో కొమ్మునూ తిప్పి చూసేవాడు. డబ్బులిస్తానంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

“ఇంటికాడ ఎవరున్నరు సారూ?” ఒకసారి అడిగింది.

“ఎవ్వరు లేరమ్మా. ఈ సీసాలే. నెలకోపారి కొత్త జొన్నలు ఉడకబెట్టి పెట్టాలె. లేకుంటే సస్తయి. ఇంక నేను యాడికి పోత?”

కమలమ్మ నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. మిగతా ఆరు రోజులూ ఆ వాకిట్లోకి వచ్చే మనిషే లేడు.

ఐదు బుధవారాలు గడిచాక జగ్గయ్య వచ్చాడు.

“వదినా, ఆ ముసలోడు పురుగుమందుల దుకాణం దలాల్. ఊరంత నాలుగు తీర్ల అనుకుంటున్నరు. ఒంటరి ఆడిదానింట్ల వారం వారం ఏం పని వానికి?”

మరుసటి బుధవారం ఆమె ఆయన్ను వాకిలి దాటనివ్వలేదు.

“సారూ, ఇగ రాకున్రి.”

“ఏమైందమ్మా?”

“ఏం గాలే. రావద్దంతే.”

ఏప్రిల్ ఎండ మాడుస్తోంది. మంచినీళ్ళు కావాలా అని కూడా ఆమె అడగలేదు.

ఆయన కొట్టం వైపు ఒకసారి చూశాడు.

“ఆ కుప్పకు తడి తాకనియ్యకు. ఎండకు పెట్టకు.”

‘పోయొస్త’ అనబోయి ఆగాడు.

“పోతున్నమ్మా” అన్నాడు.

ఆ తర్వాత కూడా బుధవారాల్లో ఆటో చప్పుడైతే కమలమ్మ గడప దాకా వచ్చేది. ఆటో ఆగకుండా పోయేది. ఆమె లోపలికి వెళ్ళిపోయేది.

మే నెలాఖరున నాటడానికి కుప్పలు విప్పింది.

సారు ముట్టని పెద్ద కుప్పలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది. పులిసిన వాసన. పనికొచ్చేది మూడో వంతు కూడా లేదు.

మూలనున్న కుప్ప విప్పింది. రాయిలా గట్టిగా ఉన్నాయి కొమ్ములు. ప్రతి కణుపునా లేత మొలక. మొత్తం ఏరితే పాడైనవి నాలుగే.

ఆ కొమ్ములను ఒక్కొక్కటిగా గంపలకెత్తింది.

మర్నాడు పొద్దున్నే జహీరాబాద్ ఆటో ఎక్కింది. అడుగుతూ అడుగుతూ ఆయన అద్దె గది పట్టుకుంది.

“బస్వరాజా? పోయి ఇరై రోజులాయె” అంది ఇంటి యజమానురాలు శాంతమ్మ. “దవాఖానలనే పానం పోయింది. ఎవ్వరు రాలే. గల్లీవోళ్ళమే కానిచ్చినం. నువ్వేమైతవ్ ఆయనకు?”

“ఆయన గది ఒకసారి సూపిస్తవా?” అంది కమలమ్మ.

గదిలో మంచం, పొయ్యి, చెక్క మీద వరసగా సీసాలు. చాలావాటిలో జొన్నలు ఎండి నల్లబడ్డాయి. ఒక్కదానిలోనే ఇంకా పచ్చగా ఉంది. దాన్ని కొంగున కట్టుకుని పరిశోధన ఆఫీసుకు నడిచింది. ఆయన మనుషులకైనా ఆయన సంగతి తెలియాలి కదా!

తల నెరిసిన అధికారి విష్ణువర్ధన్ ముందు సీసా పెట్టింది.

“మీ పెద్దసారు బస్వరాజ్ కాలం జేసిన్రు. ఆయన బూజుతోని నా విత్తనం బతికింది. గీ మాట చెప్పిపోదామని వచ్చిన.”

విష్ణువర్ధన్ సీసాను కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

“ఇది మేము ఈ మట్టిలోనే కనిపెట్టిన బూజమ్మా. తొమ్మిదేళ్ళ కింద పోయిందనుకున్నం. మళ్ళ ఎంత వెతికినా దొరకలే.”

“మరి సారు దగ్గర ఉండె గద!”

విష్ణువర్ధన్ తల వంచుకున్నాడు.

“ఆయన సారు కాదమ్మా. ఈ బూజు పథకం మూసేసిన రోజు, ఈ సీసాలన్నీ చెత్తల పారబోయమని నేను చెప్పింది, ఇక్కడ గదులు ఊడ్చే బస్వరాజ్‌కు.”