మల్లవ్వ ఒక్కపొద్దు

నల్లా దగ్గర స్టీలు బిందె జారి, నీళ్లన్నీ వాకిట్లో పారాయి.

మధ్యాహ్నం ప్రార్థనకని తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటున్న మల్లవ్వ చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది.

కోడలు శ్రావణి గోడ పట్టుకుని కూలబడి ఉంది. పెదవులు ఎండిపోయాయి. ఆమెకు ఐదో నెల.

లోపలికి పోయి చూస్తే, పొద్దున వండిన అన్నం, మామిడికాయ పప్పు మూత పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కొడుకు ప్రేమ్‌సాగర్ తన వంతు తిని మరమగ్గాల షెడ్డుకు పోయాడు. కోడలు మెతుకు ముట్టలేదు.

ఆ రోజు పవిత్ర శుక్రవారం, గుడ్ ఫ్రైడే.

సిరిసిల్లలో వాళ్ల వాడంతటా మల్లవ్వ ఒక్కపొద్దు అంటే ఓ పేరు. ముప్పై రెండేళ్లుగా ఈ రోజున చర్చిలో శిలువను ముద్దు పెట్టుకునేదాకా గుటకెడు నీళ్లు కూడా మింగి ఎరగదు. ఆ పేరంటే ఆమెకు లోలోపల ముచ్చట. ముచ్చటేమిటి, గర్వమే.

చిన్నప్పుడు ఇంట్లో గింజ లేక పస్తు పడుకున్న మనిషి. దాన్ని ఒక్కపొద్దని ఎవరూ అనలేదు. ఎదురుగా అన్నం ఉండి, లేనివాళ్లను తలచుకుని ఆ పూట పక్కన పెడితేనే అది దేవుడికి చేరుతుందని ఆమె నమ్మకం. తను తినని పూట బియ్యాన్ని దాచి, ఈస్టర్ పండక్కి ముందే ఎవరో ఒక లేనింటికి ఇచ్చి వస్తుంది.

గ్లాసుతో నీళ్లు అందిస్తే శ్రావణి మొహం తిప్పుకుంది.

కడుపుతో ఉన్నవాళ్లకు ఒక్కపొద్దు అక్కర్లేదని మొన్న ఆదివారం చర్చి పూజలో ఫాదర్ చెప్పారు కదా అని మల్లవ్వ గుర్తుచేసింది. ముసలివాళ్లకూ జబ్బు మనుషులకూ కూడా లేదంది. బతిమాలింది, కసిరింది.

"ఫాదర్ అన్నడు గని, నువ్వనలే గదా అత్తమ్మా."

మల్లవ్వకు అర్థం కాలేదు.

"పోయినేడు గీ దినం నేను తిన్న. నెల తిరగకముందే మొదటి కడుపు పోయింది. దవాఖానల నువ్వే అన్నవ్."

అవును, అన్నది. ఆస్పత్రి బెంచీ మీద ఏడుపు ఆగక, పక్కనున్న ఆడవాళ్లతో అనేసింది. ఏడాదికి ఒక్క పూట ఆకలి ఓర్చుకోనివాళ్లకు దేవుడేమిస్తాడని.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పదిమందికి చెప్పే మనిషే.

ఆ మాట అన్న మల్లవ్వ ఇంటికొచ్చి మరిచిపోయింది. తలుపు అవతల మంచం మీద పడుకుని విన్న పిల్ల ఏడాదంతా మోసింది. ఇప్పుడు ఈ బిడ్డనైనా నిలుపుకుందామని పస్తుంటోంది.

మల్లవ్వకు భయం వేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది. దేవుడి పేరు పెట్టి పిల్ల కడుపు మాడ్చింది తనే.

ఇక ఎన్ని మాటలు చెప్పినా శ్రావణి నమ్మదు.

పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చి కోడలి ఎదురుగా కూర్చుంది. పప్పు కలిపింది. ముద్ద చేసి తన నోట్లో పెట్టుకుంది.

శ్రావణి బిత్తరపోయి చూసింది.

ముప్పై రెండేళ్లలో ఈ రోజున చర్చికి పోకముందు తిన్న మొదటి ముద్ద అది. మల్లవ్వ నమిలి నమిలి మింగింది.

"నేనన్నది తప్పు బిడ్డా. నువ్వు తిన్నందుకు కడుపు పోలే. దేవుడు గసొంటోడు కాదు."

రెండో ముద్ద కోడలి నోటి దగ్గర పట్టుకుంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా అట్లాగే పట్టుకుంది.

శ్రావణి నోరు తెరిచింది. ఏడుస్తూనే తిన్నది. ఇద్దరూ కలిసి పళ్లెం ఖాళీ చేశారు.

మూడు గంటలకు కాస్త ముందు ఇద్దరూ చర్చికి పోయేసరికి, మెట్ల దగ్గర ఉపదేశి సామేలు నిలబడి ఉన్నాడు. ప్రార్థనలు నేర్పే పెద్దమనిషి. ప్రతి ఏడాదిలాగే మల్లవ్వను చూడగానే గొంతు పెంచాడు. ఒక్కపొద్దంటే ఈమెను చూసి నేర్చుకోండని అక్కడున్న ఆడపిల్లలకు చెప్పాడు. ఈ ఎండలో నీళ్లు కూడా ముట్టదన్నాడు.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఊరుకుంటే సరిపోయేది. ఆమె పేరు ఆమెకు ఉండేది.

వెనక శ్రావణి తల దించుకుని నిలబడి ఉంది.

"లేదు సామేలన్నా," అంది మల్లవ్వ, చివరన ఉన్నవాళ్లకు కూడా వినపడేటట్టు. "ఇయ్యాల తిన్న. కోడలు, నేను కూసొని కడుపునిండ తిన్నం."

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మల్లవ్వ చెప్పులు విడిచి మెట్లెక్కింది.

శ్రావణి తలెత్తి, ఆమె పక్కనే నడిచింది.