వెనక గోడ

"రేగులకుంట నుంచి ఒక్క బొమ్మన్నా రాకుంటే నీకు ఆదిలాబాదు అడవులే గతి" అని పైఅధికారి చెప్పి పోయిన దగ్గర్నుంచి వెంకన్నకు అన్నం సయించడం లేదు.

కొత్త సర్కారు వచ్చిన తొలి చలికాలం. సూర్యాపేట పత్తి గోదాములో బొమ్మల నుమాయిష్ పెడుతున్నారు. మామూలు నుమాయిష్ కాదు. ఏ గురువు దగ్గరా నేర్వకుండా, తమంతట తాము బొమ్మలు చేసేవాళ్ళదట. మిర్యాలగూడ వాళ్ళు చెక్క ఎద్దును పంపారు. దానికి అయిదు కాళ్ళున్నా సరే, పంపారు. కోదాడ వాళ్ళు చింతపిక్కల మేకను పంపారు. రేగులకుంటలో మాత్రం ముగ్గులు తప్ప ఏమీ దొరకలేదు.

ఊరంతా తిరిగి వచ్చి కూలబడ్డ వెంకన్నకు బొమ్మ తన కొలువు చోటే కనిపించింది. కాటయ్య ఉండే గదిలో, వెనక మట్టిగోడ నిండా. బొగ్గు, సున్నం, ఇటుక పొడి.

వరసగా ఇళ్ళు. అన్నీ వెనకవైపు నుంచి వేసినవే. ఒక్క ఇంటికీ వాకిలి లేదు. ప్రతి గోడకూ నేలకు జానెడు ఎత్తున నల్లటి గుండ్రటి మచ్చ.

"ఎవరు నేర్పిన్రురా కాటిగా?"

"ఎవరు నేర్పుతరు సాబ్? చిన్నప్పటి సంది ఇండ్లను సూసి సూసి అబ్బింది."

వెంకన్నకు ప్రాణం లేచొచ్చింది. "గుడ్డ మీద ఇంకోటి ఎయ్."

"గుడ్డ మీద నాకు చెయ్యి నడ్వది."

"అయితే గోడనే కోసి తీస్కపోత."

కాటయ్య చేతులు జోడించాడు. "వద్దు సాబ్. గోడ పోతే సలికి సస్త. నా బొమ్మను నాకు ఉండనియ్యి."

వెంకన్న బెదిరించాడు. తర్వాత బతిమాలాడు. కాటిగా అన్న నోటితోనే కాటయ్యా అన్నాడు, ఆఖరికి నాయనా అన్నాడు. ఇంటి నుంచి కోడికూర తెప్పించాడు. తన భుజం మీది గొంగడి తీసి కప్పాడు. అప్పటికి గానీ కాటయ్య మనసు మెత్తబడలేదు.

వెంకన్న కింద పనిచేసే యేసయ్య పార ఎత్తగానే కాటయ్య అడ్డం పడ్డాడు.

"గట్ల గుద్దితే పగుల్తది. జరుగు, గడ్డపార గిటియ్యి."

గోడ అంచులను తడిపాడు. నాననిచ్చాడు. గడ్డపారను ఏటవాలుగా పట్టి మెల్లగా తొలిచాడు. గోడ వెన్నలా తెగింది. అరుగు మీద పడుకున్న కుక్క చెవి కూడా కదపలేదు.

"గిది గూడ నీ అంతల నువ్వే నేర్సినవా?" యేసయ్య నోరు తెరిచాడు.

"లే. గిది మా నాయిన నేర్పిండు."

"ష్! గామాట బయట అనకు" అన్నాడు వెంకన్న కంగారుగా. "గురువున్నడంటే బొమ్మను తీస్కోరు!"

గోడకు గడ్డి చుట్టి బియ్యం లారీ ఎక్కించారు. కాటయ్యకు చలిగాలి కొట్టకుండా వెంకన్న తాటాకు తడక అడ్డం పెట్టించాడు.

"యేసయ్యా, పెద్ద కళాకారుడు. పైలంగ సూసుకో. నేనొచ్చేదాక తలుపు కాడ్నుంచి కదలకు."

"కదల్తే ఒట్టు సాబ్."

సూర్యాపేటలో జనం గోడ ముందు మూగారు. హైదరాబాదు నుంచి వచ్చిన చిత్రకళా పండితుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వాకిలి లేని ఇల్లు! ఏ బడిలో నేర్పుతారు ఈ చూపు? ఈ నల్లటి మచ్చ ఉంది చూశారూ, మనిషి లోపలి శూన్యం."

వెంకన్నకు ఏమీ అర్థం కాలేదు. అయినా అందరికన్నా ముందు తలూపాడు.

బట్టల కొట్టు గౌరీబాయి అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది. "ఓయమ్మో, గిది మా ఇల్లే! మా యెనక గోడే! మచ్చ గూడ మా ఇనప్పెట్టె ఉండే మూలకే ఉన్నది!"

"విన్నారా?" పండితుడు జనం వైపు తిరిగాడు. "చూసిన ప్రతివాళ్ళకూ తమ ఇల్లే అనిపిస్తుంది. గొప్ప కళంటే అది!"

మొదటి బహుమతి వెండి పతకం. "వెళ్ళి ఆ మహానుభావుణ్ణి తీసుకురండి. ముందు ఇది ఆయన మెడలో వేయండి" అని పతకం వెంకన్న చేతిలో పెట్టాడు.

ఆదిలాబాదు అడవులు తప్పాయి. వెంకన్న బంతిపూల దండ కొని, వచ్చిన లారీలోనే తిరిగి వచ్చాడు.

యేసయ్య తలుపు ముందు కట్టెలా నిలబడి ఉన్నాడు. "కదల్లే సాబ్. బువ్వకు గూడ పోలే. లోపల సప్పుడే లేదు. ఇంకో బొమ్మ ఏస్తున్నడు గావచ్చు."

వెంకన్న పతకాన్ని చొక్కా అంచుతో తుడిచి, నడుముకున్న తాళంచెవితో ఠాణా లాకప్ తలుపు తెరిచేసరికి, ఇళ్ళకు కన్నాలేసే దొంగ కాటయ్యకు బదులు, పక్కకు జరిపిన తడక అవతల, వెనక గోడ ఉండాల్సిన చోట జొన్నచేను పచ్చగా ఊగుతూ కనిపించింది.