తేట బీరు

ఈసారి కూడా బీరు తేరలేదు.

నవనీతకృష్ణన్ గాజు గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. బయటి కొబ్బరిచెట్టు సంగతి అటుంచి, గ్లాసు వెనకాల తన వేళ్ళే తనకు కనబడలేదు.

"అంబలి మాదిరి ఉండాది మచ్చాన్," అన్నాడు బావమరిది దొరైసామి. అంటూనే రెండో గ్లాసు నింపుకున్నాడు.

నవనీతకృష్ణన్‌కు ఒళ్ళు మండింది. కోయంబత్తూరులో పంపుసెట్లు చేసి అమ్మి, పేరు తెచ్చుకుని, వ్యాపారం మానేశాక ఆయనకు ఈ బీరు పిచ్చి పట్టుకుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, తాటిబెల్లం, ఎక్కడినుంచో తెప్పించిన హాప్స్ పువ్వు, ఈస్టు. వారాల తరబడి ఊరబెట్టేవాడు. ఒక్క గ్లాసు పడితే చాలు, దాయాదులు కూడా కావలించుకునేంత ఘాటు. చట్టం దీనికి ఏమంటుందో మాత్రం ఆయన కనుక్కోలేదు. కనుక్కుంటే తెలిసిపోతుందని భయం.

ఈ యాగమంతా భార్య జానకమ్మాళ్ గ్రైండరు గదిలో జరిగేది. గదిలోకి బక్కెట్లు వచ్చాయి, గ్రైండరు వెనక వరండాలోకి పోయింది. వానొస్తే దానిమీద గోనెపట్టా కప్పడానికి ఆమె పరుగెత్తాల్సిందే. పైగా బార్లీ రుబ్బేది కూడా అందులోనే. ఆ ఇంటి ఇడ్లీ తిన్నవాళ్ళు ఎవరూ ఏమీ అనేవారు కాదు గాని, రెండోది వేసుకునేవారూ కాదు.

ఆమె సణిగింది, అలిగింది, అన్నం మానేసింది. గది మాత్రం దక్కలేదు.

ఇంతలో అరవ నెల పురట్టాసి వచ్చింది. పెరుమాళ్ నెల. ఆ నెలంతా వాళ్ళిళ్ళల్లో నీచు ముట్టరు. ఏటా నవనీతకృష్ణన్ కూడా ఒట్టు పెట్టుకునేవాడు, ఏటా ఎక్కడో ఒకచోట దొరికిపోయేవాడు. నిరుడు కొబ్బరి ధర కనుక్కొస్తానని పొల్లాచ్చి వెళ్ళి, బిరియాని కొట్టులో జానకమ్మాళ్ చిన్నాన్నకు ఎదురుగా కూర్చున్నాడు. చిన్నాన్నకు అక్కడేం పని అని ఎవరూ అడగలేదు.

ఈ ఏడు జానకమ్మాళ్ పందెం కట్టింది. నెల గడిచేలోగా నీచు ఆయన గొంతు దిగితే బక్కెట్లూ గొట్టాలూ పాత సామాన్లవాడికి, గది తనకు. దిగకపోతే గది ఎప్పటికీ బీరుదే, తను మళ్ళీ నోరెత్తదు. ఇద్దరూ పెరుమాళ్ పటం ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి ప్రమాణం చేశారు.

బీరు మాటేమిటని దొరైసామి అడిగాడు. బార్లీ గింజ, బెల్లం తాటిచెట్టుది, హాప్స్ పువ్వు, ఇందులో ప్రాణం తీసిందేముందని నవనీతకృష్ణనే తీర్పు చెప్పాడు. పెరుమాళ్ కాదనలేదు.

ఇక మిగిలింది తేట సంగతి. మొదట్లో ఆయన మొండికేశాడు. బీరుకు ఆ మబ్బు ఉంటేనే సత్తువ, తేటగా కావాలంటే కొళాయి తిప్పుకోమన్నాడు. కానీ అంబలి అన్న మాట ఆయన్ని తినేసింది. పంచె నాలుగు మడతలు పెట్టి వడకట్టాడు. ఫ్రిజ్‌లో కూరగాయలు తీసేసి సీసాలు పెట్టాడు. మబ్బు కదల్లేదు.

అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. జానకమ్మాళ్ ఆయన పక్షం చేరింది.

"ఇంత పాటుపడి చేస్తుండారు. చూసేదానికైనా బాగుండొద్దా? దేవుడి తీర్థం ఎంత తేటగా ఉంటుంది," అంది.

నవనీతకృష్ణన్‌కు గుండె కరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఈ మనిషిని అర్థం చేసుకోలేదే అని నొచ్చుకున్నాడు. పంపుసెట్ల విడిభాగాల అమ్మకానికి ఊళ్ళు తిరిగే తమ్ముడు దొరైసామికి ఆమే చెప్పి ఏదో పొడి తెప్పించింది. చన్నీళ్ళలో నిమ్మకాయ పిండి అందులో పొడి నానబెట్టమంది, బీరులో పోసి మెల్లగా కలపమంది. గడప దాటి లోపలికి మాత్రం రాలేదు. పొట్లం ముట్టుకోలేదు. అంతా చెప్పి, వెళ్ళి తలస్నానం చేసింది. బీరు కంపు పడదు పాపం అనుకున్నాడాయన.

రెండు రోజుల్లో మబ్బంతా అడుక్కి దిగింది. పైన బంగారం. గ్లాసు వెనకాల పేపరు పెట్టి రాశిఫలం చదివాడు. శత్రువులు మిత్రులవుతారని ఉంది.

దొరైసామి కూడా గ్లాసు ఎత్తి చూసి, ఓడిపోయానని ఒప్పుకున్నాడు. తాగలేదు. డాక్టరు వద్దన్నాడట. నవనీతకృష్ణన్ జాలిపడి అతని వంతు కూడా తనే తాగాడు.

ఆ నెల ఆయన నిష్ఠ చూసి తీరాల్సిందే. పక్కింట్లో యేసుదాస్ చేపలు వేయిస్తుంటే కిటికీలు మూసి, పెరుమాళ్‌ను తలుచుకుని, ఇంకో గ్లాసు బీరు తాగాడు.

నెల ముగిసింది. ఆయన నామం పెట్టుకుని, గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి ఒక ఒట్టు నిలబెట్టుకున్నాడు. ఆ సంతోషానికి కళ్ళు తడిశాయి.

"చూస్తివా జానకీ? ఒక కోడిగుడ్డు కూడా ముట్టలేదు."

"అవును. నాకు తెలుసు," అంది ఆమె, గ్రైండరు మీది గోనెపట్టా తీసి మడత పెడుతూ.

గేటు ముందు పాత సామాన్లవాడి బండి ఆగింది.

"వాణ్ణి ఎవరు రమ్మన్నారు?"

"నేనుదా," అంది జానకమ్మాళ్, "మీ బీరు తేర్చిన ఆ పొడి, తూత్తుకుడిలో చేప కడుపులోని తిత్తిని ఎండబెట్టి నూరినదండి."